గడ్డ అనకండి, లోపల ఏం జరిగిందో చెప్పండి

మా చిన్నమ్మ రిఫరల్ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాలుగు మడతలు పెట్టి మా తమ్ముడు జేబులో తిప్పాడు కదా, మడతల దగ్గర చిరిగిపోయింది, చెమటకి ఇంకు కూడా కొంచెం అలుక్కుపోయింది. అయినా చదవొచ్చు. ఫైబ్రినస్ ఎగ్జుడేట్, మల్టిపుల్ సెప్టేషన్స్, రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్. ఇంతే రాసుంది, అదీ ఇంగ్లీషులో. మాది ఒడిశా-ఆంధ్రా సరిహద్దు, ఆ ఆసుపత్రిలో ఎవరో తెలుగొచ్చిన మనిషి మావాడికి దాన్ని ఒక్క ముక్కలో తెలుగు చేసి పెట్టారు, "లోపలంతా గడ్డలు కట్టీసింది, పెద్దాసుపత్రికి పట్టుకుపోండి" అని.

మా వైపు ఇళ్ళల్లో లోపల గడ్డ అంటే క్యాన్సరే, ఇంకేం అడగరండీ. ఆ జబ్బు పేరు కూడా ఎవరూ నోటితో అనరు, ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు, మగవాళ్ళు బయటికెళ్ళి అరుగు మీద కూర్చుంటారు. దానికి తోడు ఇంకోటి జరిగింది. ఆవిడ మంచం దగ్గర నర్సమ్మ ఒడియాలో పక్కనున్న ఇంకో నర్సుతో "పూజొ అచ్ఛి" అంది. ఒడియాలో పూజొ అంటే చీము, చీముంది అని ఆ అమ్మాయి మామూలుగా అన్నమాట. మా చిన్నమ్మకి సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు గానీ ఆసుపత్రి ఒడియా రాదు, ఆవిడకి పూజ అనే వినపడింది. పూజలు చేసుకోమంటున్నారు, ఇంక మందుల్లేవు అనుకుంది. "నన్ను ఇంటికాడ దించీయండి, నాను పెద్దాసుపత్రికి రాను, కోతలొద్దు" అని పట్టుబట్టింది, వీళ్ళు దించేశారు.

పద్దెనిమిది రోజులు ఇంట్లో ఉంచారు. నాకు చెప్పలేదు. పర్లాకిమిడిలో పంతొమ్మిదేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్న మనిషిని నేను, మా ఇంటికీ వాళ్ళ ఊరికీ ఆటోలో అరగంట, అయినా చెప్పలేదు, ఎందుకంటే నేనొస్తే ఆవిడ ముందు ఏదో ఒకటి అనేస్తానని భయం. ఆవిడకి తెలియకూడదని వీళ్ళు దాచారు, వీళ్ళకి తెలియకూడదని ఆవిడ దాచింది, అందరూ ఒకే తప్పు మాటని పట్టుకుని ఏడ్చారు. చివరికి ఒక రాత్రి ఊపిరి అందక కూర్చునే ఉండిపోతే అప్పుడు ఫోన్ చేశారు, పాతపట్నం మీదుగా విశాఖ తీసుకెళ్ళాం.

ఆ గడ్డ అసలు ఏంటో నా పనిలో రోజూ కళ్ళతో చూస్తా కాబట్టి చెప్తాను. రక్తంలో ఫైబ్రినోజన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది, లివర్ తయారు చేస్తుంది, మామూలు మనిషికి డెసిలీటర్ ప్లాస్మాలో, అంటే రక్తంలోని నీటి భాగంలో, 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నీళ్ళలో ఉప్పులాగ కలిసిపోయి తిరుగుతూ ఉంటుంది, కనపడదు. ఎక్కడైనా దెబ్బ తగిలినా లోపల రేగినా త్రాంబిన్ అనే ఎంజైమ్ తయారయ్యి ఆ ఫైబ్రినోజన్ నుంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించేస్తుంది, కత్తిరించగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొడుగు పోగులైపోతాయి. ఆ పోగులే ఫైబ్రిన్. తర్వాత ఫ్యాక్టర్ 13 అనేది వచ్చి పోగుకీ పోగుకీ మధ్య ముడులేస్తుంది, వల అల్లేవాళ్ళు వేసినట్టే, అప్పుడు గట్టిపడుతుంది. మోకాలు గీరుకుంటే పక్కు కట్టేది దీని వల్లే, పన్ను పీకించుకున్నాక దూది కొరికి పట్టుకోమనేది దీని కోసమే. పని అయిపోయాక ప్లాస్మిన్ అనే ఇంకో ఎంజైమ్ ఈ వలని కోసేస్తుంది, కోసినప్పుడు రాలే ముక్కల్లో ఒకదాని పేరు డీ-డైమర్, కరోనా అప్పుడు అందరూ పరుగెత్తి చేయించుకున్న పరీక్ష అదే. అది ఎక్కువుంటే ఎక్కడో వల అల్లుకుని తెగుతోంది అని మాత్రమే తెలుస్తుంది, ఎక్కడో ఎందుకో దానంతట అది చెప్పదు, కడుపుతో ఉన్నా పెరుగుతుంది, ఆపరేషన్ అయినా పెరుగుతుంది, వయసు మీదపడినా పెరుగుతుంది.

ఈ ఫైబ్రిన్‌ని చూడాలంటే మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. ఊపిరితిత్తి చుట్టూ పట్టిన నీరు తీసి మందు కలపని ట్యూబులో పోసి స్టాండులో పెట్టి వదిలేయండి, రేగినందువల్ల ఊరిన నీరైతే, కాగితంలో ఎగ్జుడేట్ అన్నది దాన్నే, కాసేపటికి అందులో తెల్లటి సాలెగూడు దిగుతుంది. మొదట ట్యూబు అంచుకి ఒక వెంట్రుకంత పోగు కనపడుతుంది, తర్వాత ఇంకోటి, చూస్తూ ఉండగానే మధ్యలో పొగలాగ ఒక పొర. వంచితే నీరు కదులుతుంది గానీ ఆ పొర అక్కడే వేలాడుతుంది. అందుకే కణాల లెక్క కట్టాల్సిన శాంపిల్ పోగులు కట్టనివ్వని ఈడీటీఏ అనే మందు ఉన్న ట్యూబులో తెమ్మంటాం, లేకపోతే కణాలన్నీ ఆ గూట్లో ఇరుక్కుపోయి లెక్క తప్పుతుంది. పేరుకున్న రక్తం నుంచి పైకి తేలే నీరు, అంటే సీరం, సరిగ్గా విడవకముందే మెషిన్‌లో పెడితే ఈ పోగులే మెషిన్ సూదికి అడ్డం పడతాయి, పుల్లతో తీసి పారేస్తుంటాం, వేలికి తగిలితే తడి కొబ్బరిపీచులాగ సాగుతుంది. 1666లోనే మాల్పిగీ అనే ఇటలీ వైద్యుడు గడ్డకట్టిన రక్తాన్ని నీళ్ళతో కడిగి కడిగి ఎరుపంతా పోయాక మిగిలిన తెల్లటి పోగుల్ని చూశాడు. ఫైబ్రా అంటే లాటిన్‌లో పోగు అనే అర్థం, పేరు అక్కణ్ణించే వచ్చింది.

మా చిన్నమ్మ ఛాతీలో జరిగిందీ ఆ ట్యూబులో జరిగేదే. నెమ్ము చేసింది, ఊపిరితిత్తి మీద పొర రేగింది, రక్తనాళాల గోడలు వదులై ఫైబ్రినోజన్ ఆ నీటిలోకి ఊరింది, ఊరి పోగులై అల్లుకుంది. శరీరం క్రిముల్ని అక్కడే కట్టి పడెయ్యడానికి చేసే పని అది, చెడ్డ ఉద్దేశం ఏం లేదు. కాకపోతే ఆ పోగులు అడ్డుగోడలై నీటిని అరలు అరలుగా చేసేస్తాయి, కాగితంలో సెప్టేషన్స్ అని ఉన్నది ఆ అరల గురించే. సూది ఒక అరలో గుచ్చితే ఆ అరలో నీరే వస్తుంది, పక్క అరలో చీము పక్క అరలోనే ఉండిపోతుంది. ఈ దశలో గొట్టం వేసి, అవసరమైతే ఆ గొట్టంలోంచి పోగుల్ని కరిగించే మందు పంపి చూస్తారు. 1949లోనే అమెరికాలో టిల్లెట్, షెర్రీ అనే ఇద్దరు డాక్టర్లు స్ట్రెప్టోకైనేజ్ అనే మందుని ఇలా ఛాతీలోకి పంపించారు. తర్వాత పెద్ద పరీక్ష చేస్తే స్ట్రెప్టోకైనేజ్ ఒక్కటే ఇస్తే లాభం లేదని 2005లో తేలింది, టీపీఏ అనే మందూ డీఎన్‌ఏజ్ అనే ఎంజైమూ రెండూ కలిపి ఇస్తే నీరు బాగా దిగుతోందని 2011లో తేలింది. అంటే దారి ఉంది, కానీ అది పోగులు పోగులుగా ఉన్నప్పుడు ఉన్న దారి. వదిలేస్తే ఆ పోగుల మీదకి వేరే కణాలొచ్చి కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ పేరుస్తాయి, వారాలు గడిచేకొద్దీ అది చెట్టు బెరడులాగ తయారయ్యి ఊపిరితిత్తిని విచ్చుకోనివ్వదు. అప్పుడిక ఛాతీ తెరిచి ఆ బెరడు ఒలవాల్సిందే, ఆ ఆపరేషన్ పేరు డీకార్టికేషన్, ఆ మాటకర్థమే బెరడు తియ్యడం. మా చిన్నమ్మకి అది చెయ్యాల్సి వచ్చింది. ఆ పద్దెనిమిది రోజుల్లో అక్కడ పోగు కాస్తా బెరడైపోయింది.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, చాలాకాలం కిందటిది. గుణుపురం వైపు ఒక ఊళ్ళో పదకొండేళ్ళ పిల్లాణ్ణి పొలం గట్టు మీద రక్తపింజర కరిచింది. ఆ పాము విషం రక్తంలో ఉన్న ఫైబ్రినోజన్ అంతా ఖర్చు చేయించేస్తుంది, ఇంక పోగు కట్టడానికి సరుకే ఉండదు, చిగుళ్ళలోంచి కూడా రక్తం కారుతుంది. దీనికొక చాలా తేలికైన పరీక్ష ఉంది, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు ట్యూబులో, ప్లాస్టిక్‌ది పనికిరాదు, రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి ఒక్కసారి వంచి చూడాలి. కారిపోతే విషం పని చేస్తోందని. ఆ రోజు అక్కడున్నతను చూసి బయటికొచ్చి వాళ్ళ నాన్నతో "గడ్డ కట్టలేదు" అన్నాడు. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు! గడ్డ కట్టలేదన్నారు కదా, గండం గడిచిందనుకున్నాడు. బీడీ కాల్చుకోవడానికి బయటికెళ్ళిపోయాడు, విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వడానికి ముందు సంతకం కోసం మనుషులు వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్లాడు బతికాడు, నా అదృష్టం కొద్దీ ఈ ముక్క రాయగలుగుతున్నా.

చూడండి, ఒకరికి గడ్డ కట్టిందంటే చావు కబురు, ఇంకొకరికి గడ్డ కట్టలేదంటే శుభవార్త, రెండూ తప్పే. తప్పు ఆ మనుషులది కాదు, మాటది. తెలుగులో మంచుగడ్డ ఉంది, సెగగడ్డ ఉంది, మట్టిగడ్డ ఉంది, చంకలో గడ్డ ఉంది, నాళంలో రక్తపు గడ్డ ఉంది, మెదడులో గడ్డ ఉంది. బయట కనపడే వస్తువులైతే మనిషి చూసి పోల్చుకుంటాడు, కడుపులోదీ ఛాతీలోదీ ఎలా పోల్చుకుంటాడు? లాటిన్‌లో కూడా ఇదే తంటా ఉండేది. ట్యూమర్ అంటే పూర్వం ఉత్త వాపే, మొదటి శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ రాసిన నాలుగు లక్షణాల్లో అదొకటి, కలోర్, రూబోర్, ట్యూమర్, డోలోర్, అంటే వేడి, ఎరుపు, వాపు, నొప్పి. ఇప్పుడు వాపుని ఏ డాక్టరూ ట్యూమర్ అనడు, వాళ్ళు విడదీసుకున్నారు, క్లాట్ వేరు, ట్యూమర్ వేరు, యాబ్సెస్ వేరు, ఎగ్జుడేట్ వేరు. మన దగ్గరకొచ్చేసరికి అన్నిటినీ మళ్ళీ ఒకే బుట్టలో పోసి గడ్డ అంటున్నారు.

ఇన్‌ఫ్లమేషన్‌ది కూడా ఇదే కథ. దాన్ని వాపు అంటారు, ఎక్కడ చూసినా వాపే. కానీ మా ఊరి మనిషి డాక్టరు ముందు కూర్చుని ఏమంటాడు? "కాలు ఎర్రగా కందిపోనాది బాబూ, ముట్టుకుంటే కాలిపోతంది, బుస్సుమని పొంగిపోనాది, ఒకటే సలుపు, అడుగెయ్యలేకపోతన్నాను" అంటాడు. సెల్సస్ చెప్పిన నాలుగూ అందులో ఉన్నాయి, తర్వాత చేర్చిన అయిదోది, ఆ అవయవం పని మానెయ్యడం, అదీ ఉంది. ఏ పుస్తకం చదవకుండా అయిదూ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. మనం తిరిగిచ్చేది ఒక్క వాపు. అదే ఊపిరితిత్తి పొర అయితే "వాపేది, నాకేం కనపళ్ళేదే" అంటాడు, అనడా మరి!

మనకి పుండు రేగింది అనే మాట ఉంది కదా. రేగడం అంటే నిప్పు రేగినట్టు, లోపల ఏదో మొదలై పెరుగుతోందని ముసలమ్మకి కూడా తెలుసు. నా వరకు ఇన్‌ఫ్లమేషన్‌కి రేగడం అనే మాటే సరైనది. చివర ఐటిస్ అని ఉంటే ఆ భాగం రేగిందని, ప్లూరైటిస్ అంటే ఊపిరితిత్తి పొర రేగింది, ఆర్థ్రైటిస్ అంటే కీలు రేగింది, అపెండిసైటిస్ కూడా అంతే. ఫైబ్రినస్ అని ముందు తగిలిస్తే రేగిన చోట పోగులు అల్లుకున్నాయి. నాళంలోదైతే రక్తం పేరుకుని అడ్డం పడింది అనండి, క్యాన్సర్ అనుమానమైతే కణితి అనండి, చీము చేరితే చీము చేరింది అనండి. ఇవన్నీ మన నోళ్ళలో ఉన్నవే, నేను కొత్తగా తయారు చేసిందేమీ లేదు.

ఫైబ్ అని మొదలయ్యేవి చూసి భయపడేవాళ్ళు కూడా వస్తుంటారు. ఫైబ్రోసిస్ అంటే మచ్చ కట్టి గట్టిపడడం, అక్కడ ఉండేది కొలాజెన్, ఫైబ్రిన్ కాదు. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచిలో పెరిగే కండ, దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. ఫిబ్రిలేషన్ అంటే గుండె లయ తప్పి అదరడం. ఒకదాని రిపోర్టు పట్టుకుని ఇంకోదాని గురించి ఫోన్‌లో వెతికి నిద్ర మానుకున్నవాళ్ళని నేను చూశాను.

నా బల్ల మీద రోజూ జరిగేది ఈఎస్‌ఆర్. 200 మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి గొట్టంలో రక్తం నిలబెట్టి గంటలో ఎర్రకణాలు ఎంత కిందకి దిగాయో చూడ్డం. ఎక్కడో రేగితే లివర్ ఫైబ్రినోజన్ ఎక్కువ చేస్తుంది, అది ఎక్కువైతే ఎర్రకణాలు నాణేల దొంతరలాగ ఒకదాని మీద ఒకటి అంటుకుంటాయి, బరువెక్కి త్వరగా దిగుతాయి. అంటే ఈఎస్‌ఆర్ కూడా చాలావరకు ఫైబ్రినోజన్ కథే. రిపోర్టులో అంకె పక్కన నక్షత్రం గుర్తు చూసి "టీబీయా బాబూ?" అని అడుగుతారు. ఎక్కడో రేగింది, ఎక్కడో డాక్టరు గారు వెతకాలి, ఈ అంకెకి జబ్బు పేరు తెలీదు అని చెప్తా. రేగడాన్ని కొలిచే ఇంకో పరీక్ష సీఆర్‌పీ అడిగినా అదే చెప్తా. ఆ సీఆర్‌పీని 1930లో ఫ్రాన్సిస్ అనే ఆయనతో కలిసి కనిపెట్టింది పైన చెప్పిన టిల్లెట్టే, మూడేళ్ళకి స్ట్రెప్టోకాకస్ క్రిమి ఫైబ్రిన్‌ని కరిగిస్తుందని చూసిందీ ఆయనే. రేగడాన్ని కొలిచే పరీక్షా, పోగుని కరిగించే మందూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయని తెలిసినప్పటినుంచీ సీఆర్‌పీ ట్యూబునీ ఆ సాలెగూడు ట్యూబునీ పక్కపక్కన పెడుతున్నప్పుడు నాకు ఆయన గుర్తొస్తుంటాడు.

మాట సరిగ్గా చెప్పకపోతే ఆ ఖాళీలోకి ఇంకేదో దూరుతుంది. వాపు అన్నారు కదా, వాపు బిళ్ళ కావాలి. మందుల షాపులో సెర్రాషియోపెప్టిడేజ్ ఉన్న బిళ్ళ ఇస్తారు, పట్టుపురుగు పేగులో దొరికిన బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్, ఫైబ్రిన్ కరిగించి వాపు తగ్గిస్తుందనే పేరు మీద మన దేశంలో ఇప్పటికీ అమ్ముతున్నారు. అది పుట్టిన జపాన్‌లోనే, మళ్ళీ పరీక్ష చేస్తే ఉత్తుత్తి బిళ్ళకీ దీనికీ తేడా కనపడక 2011లో వెనక్కి తీసేశారు. మా చిన్నమ్మ ఆ పద్దెనిమిది రోజుల్లో మింగినవాటిలో అదీ ఉంది, రోజుకి రెండు.

డాక్టర్లకి టైం ఎక్కడుంది అంటారు. నాకు తెలుసు, ఓపీలో జనం ఎలా ఉంటారో నేను రోజూ చూస్తా. కానీ "గడ్డలు కట్టింది" అనడానికి ఎంతసేపు పడుతుందో "నెమ్ము నీరు పోగులు అల్లుకుంది, ఇది క్యాన్సర్ కాదు, ఆలస్యమైతే కోత పడొచ్చు" అనడానికి దానికంటే అయిదు సెకన్లు ఎక్కువ పడుతుంది. ఇంకొందరు అన్నిటికీ తెలుగు పేర్లు పెట్టాలంటారు, ఇన్‌ఫ్లమేషన్‌ని శోథ అనాలంటారు. శోథ మా చిన్నమ్మకి ఫైబ్రిన్ ఎంత దూరమో అంతే దూరం. పేరు ఇంగ్లీషుదే ఉండనివ్వండి, రేపు బరంపురం వెళ్ళినా విశాఖ వెళ్ళినా ఆ పేరే చూపించాలి కదా. లోపల జరిగే పని మాత్రం మన క్రియల్లో చెప్పండి, ఊరింది, అల్లుకుంది, పేరుకుంది, రేగింది, కరిగింది.

ఈ ఊళ్ళో ఉండి ఈ మాట అనకుండా ఉండలేను. 1880లో పర్లాకిమిడి బడికి మాస్టారుగా వచ్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఇక్కణ్ణించే పోరాడారు, కొండల మీద సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, నేనూ వేస్తా. ఆయన బళ్ళో పుస్తకం గురించి అడిగింది ఇవాళ నేను ఆసుపత్రి కాగితం గురించి అడుగుతున్నా, కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండనివ్వండి, రోగి తెలుగువాడైతే తెలుగులోనూ సవరైతే సవరలోనూ నోటితో ఒక్క వాక్యం అడుగుతున్నా. మా ల్యాబులో మొదలుపెట్టా, రిపోర్టు ఇచ్చేటప్పుడు వెనకవైపు పెన్నుతో రెండు లైన్లు రాసి చదివి వినిపిస్తా, ఏ జబ్బో మాత్రం డాక్టరు గారినే అడగమంటా.

చిన్నమ్మ ఇప్పుడు బాగానే ఉంది, కుడివైపు పడుకుంటే లాగుతుందంటుంది, నీళ్ళ బిందె ఎత్తనివ్వం. మొన్న సంక్రాంతికి వెళ్తే "నా లోపల్నించి ఏటి తీసీసారురా, ఎవులూ సెప్పరు" అంది. నా ఫోన్‌లో ఒక ట్యూబు ఫొటో ఉంది, ఎవరిదో పేరు లేనిది, సాలెగూడు దిగినది. అది చూపించి మొత్తం చెప్పాను, పోగులు, అరలు, బెరడు. ఫోన్ దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేనా?"

"ఇదే చిన్నమ్మా."

"ఇది సాలిగూడు కదరా బావూ. ఇదని సెప్పుంటే నాను ఆ రోజే బస్సెక్కీదాన్ని."